చెడింది యంత్రమేనా?

"సాంకేతిక లోపం వల్ల విమానం కూలిపోయింది." ఈ వాక్యాన్ని మనం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. చదివి, అయ్యో అనుకుని, పేజీ తిప్పేస్తాం. ఆ వాక్యంలో అంత సౌకర్యం ఉంది మరి. విమానం దానంతటదే కూలింది. లోపం దానంతటదే వచ్చింది. మనుషులు చచ్చిపోయారు. జవాబు చెప్పాల్సినవాళ్ళు మాత్రం ఆ వాక్యంలో ఎక్కడా లేరు.

స్త్రీలకి ఇటువంటి వాక్యం కొత్తేమీ కాదు. ఒకప్పుడు పేపర్ల లోపలి పేజీల్లో తరచూ కనిపించేది: 'స్టవ్ పేలి గృహిణి మృతి'. అదీ యాంత్రిక లోపమే. పంపు స్టవ్‌లో గాలి ఎక్కువైంది, కిరసనాయిలు చిమ్మింది, చీర అంటుకుంది. పోలీసులు అదే రాసుకునేవాళ్ళు, పేపర్లు అదే అచ్చువేసేవి. 1970ల చివర్లో, 1980ల్లో ఢిల్లీలో, హైదరాబాదులో, ఇంకా అనేక చోట్ల మహిళా సంఘాలు ఆ వాక్యం దగ్గర ఆగి ఒక చిన్న ప్రశ్న వేశాయి. అదే వంటింట్లో అత్తగారూ వండుతుంది, ఆడపడుచూ వండుతుంది, మరి స్టవ్ ఎప్పుడూ కోడలి దగ్గరే ఎందుకు పేలుతోంది? ఆ ప్రశ్న పుట్టాక స్టవ్ చాటున దాక్కోవడం కష్టమైంది. 1986లో వరకట్న మరణాల మీద 304-బి సెక్షన్ వచ్చింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షన్. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కాలిన గాయాలతోనో, మరో అసహజ కారణంతోనో ఆమె చనిపోయి, అంతకు కొంత ముందు కట్నం కోసం వేధించారని తేలితే, జవాబు చెప్పుకోవాల్సిన భారం అత్తింటివాళ్ళ మీద పడుతుంది.

విమాన ప్రమాదాన్ని కట్నం హత్యతో పోలుస్తున్నానని కోప్పడకండి. ఒకచోట చంపాలన్న ఉద్దేశం ఉంది, రెండోచోట లేదు. నేను పోలుస్తున్నది చావుల్ని కాదు, చావు తర్వాత మనకి చెప్పే మాటల్ని. 'యంత్రం చెడింది' అన్నమాట నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన అది పూర్తి జవాబు అవుతుందా? ఉద్దేశం లేనిచోట బాధ్యత కూడా ఉండదా? నా ప్రశ్న ఇది.

నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్ళకి విమానాలతో ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం మన నెత్తి మీదే ఉంది. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, హకీంపేటలో శిక్షణ కేంద్రం. అక్కడ ఎగరడం నేర్చుకునే పిల్లలు మన మెట్ట పొలాల మీద తిరుగుతుంటారు. 2018 నవంబరు 28న హకీంపేట నుంచి లేచిన కిరణ్ శిక్షణ విమానం పాత నల్లగొండ జిల్లాలో, యాదగిరిగుట్ట ప్రాంతంలో పడిపోయింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డాడు. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ చిన్న విమానం పడి, ఒంటరిగా నడుపుతున్న యువతి చనిపోయింది. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని వస్తుంటే ఆదిభట్ల తగులుతుంది. సైనికులనీ సరుకులనీ మోసే సి-130జె రవాణా విమానాలకి తోక భాగాలు అక్కడే తయారై అమెరికా వెళ్తున్నాయి. మన ఆడపిల్లలు ఇప్పుడు విమానాలు నడపడానికీ వెళ్తున్నారు, బిగించడానికీ వెళ్తున్నారు. కాబట్టి ఇది మన ఇంటి ప్రశ్న కూడా.

రవాణా విమానం అనగానే నాకు హరితా కౌర్ దేవల్ గుర్తొస్తుంది. చండీగఢ్ అమ్మాయి. వైమానిక దళం 1993లో మొదటిసారి స్త్రీలని పైలట్ శిక్షణకి తీసుకున్నప్పుడు ఆ తొలి జట్టులో ఒకరు. శిక్షణ దుండిగల్‌లోనే మొదలైంది, తర్వాత బెంగళూరు దగ్గర ఎలహంకలో. 1994 సెప్టెంబరు 2న, ఇరవై రెండేళ్ళ వయసులో, ఆవ్రో హెచ్.ఎస్-748 విమానాన్ని పది వేల అడుగుల ఎత్తులో ఒంటరిగా నడిపింది. మన వైమానిక దళంలో అలా నడిపిన మొదటి స్త్రీ. రెండేళ్ళు తిరిగేసరికి, 1996 డిసెంబరు 24న, ప్రకాశం జిల్లా బుక్కాపురం దగ్గర కూలిన ఆవ్రోలో, మరో ఇరవై మందికి పైగా సిబ్బందితో పాటు చనిపోయింది. అప్పటికి ఆమెకి ఇరవై ఐదేళ్ళు.

మొదటి వార్తకి దేశమంతా చప్పట్లు కొట్టింది. పరీక్ష పుస్తకాల్లో ఇప్పటికీ 'తొలి మహిళ' జాబితాలో ఆమె పేరు ఉంటుంది. రెండో వార్తని మనం అంతగా గుర్తుపెట్టుకోలేదు. స్త్రీవాదులుగా మనం కూడా 'ప్రవేశం' గురించే ఎక్కువ మాట్లాడాం. తలుపు తెరిచారా లేదా, ఎంతమందిని తీసుకున్నారు, పర్మనెంట్ కమిషన్ ఇచ్చారా లేదా. ఇవన్నీ అడగాల్సినవే. కానీ తలుపు తెరుచుకున్న ఇల్లు ఎలాంటి స్థితిలో ఉందో అడగడం కూడా మన పనే కదా. ఆవ్రోల తయారీ కాన్పూరులో 1960ల్లో మొదలై 1980ల్లో ఆగిపోయింది. వాటి స్థానంలో కొత్తవి కావాలని ఏళ్ళ తరబడి అనుకుంటూనే ఉన్నారు. 56 సి-295 విమానాల ఒప్పందం మీద సంతకాలు 2021 సెప్టెంబరులో పడ్డాయి, మొదటి విమానం 2023లో చేతికొచ్చింది. తయారీ ఆగిపోయాక కూడా దశాబ్దాల పాటు పాత విమానాలతోనే నెట్టుకొచ్చారు. తెలుగులో దీనికి ఒక మాట ఉంది. సర్దుకుపోవడం.

ఈ మాట ఆడపిల్లలకి పుట్టినప్పట్నుంచి తెలుసు. అయితే ఇది ఒక్క ఇంట్లోనే ఉండదు. యంత్రాల్లో కూడా దూరుతుంది. ఎలా దూరుతుందో బాగా తెలిసిన ఒక ప్రమాదం చెప్తాను. వియత్నాం యుద్ధం ముగింపులో, సైగాన్ పడిపోబోతున్న రోజుల్లో, అక్కడి అనాథ పిల్లలని విమానాల్లో అమెరికా తరలించాలని నిర్ణయించారు. వాళ్ళందరూ నిజంగా అనాథలేనా, తల్లుల అనుమతి ఉందా అన్న వివాదం తర్వాత కోర్టుల దాకా వెళ్ళింది. 1975 ఏప్రిల్ 4న మొదట బయల్దేరింది సి-5ఎ గెలాక్సీ అనే భారీ సైనిక రవాణా విమానం. అందులో మూడు వందల మందికి పైగా ఉన్నారు. పై అంతస్తులో సీట్లలో పసిపిల్లలు. కింద సరుకుల అరలో కొంచెం పెద్ద పిల్లలు, వాళ్ళని చూసుకోవడానికి వచ్చినవాళ్ళు. ఆ చూసుకునేవాళ్ళలో ఎక్కువమంది సైగాన్‌లోని అమెరికన్ సైనిక కార్యాలయంలో పనిచేసే స్త్రీలు. ఎగిరిన పావుగంట లోపే వెనక తలుపు ఊడిపోయింది. తోకని నడిపించే తీగలూ గొట్టాలూ తెగిపోయాయి. పైలట్ ఇంజన్ల వేగాన్ని పెంచుతూ తగ్గిస్తూ విమానాన్ని వెనక్కి తిప్పగలిగాడు గానీ రన్‌వే దాకా రాలేకపోయాడు. వరి పొలాల్లో దిగి, నది దాటి, గట్టుకి కొట్టుకుని ముక్కలైంది. 138 మంది చనిపోయారు. వాళ్ళలో 78 మంది పిల్లలు. కింది అరలో ఉన్నవాళ్ళలో బతికినవాళ్ళు బహు కొద్దిమంది. మేరీ క్లింకర్ అనే నర్సు అక్కడే పోయింది. రెజీనా ఔన్ అనే మరో నర్సు విరిగిన కాలితో పిల్లలని మోసి మోసి, ఇక చేతకాక, నన్ను విధుల నుంచి తప్పించండని పై అధికారిని అడిగి మరీ స్పృహ తప్పింది.

కారణం? తలుపు తాళాల వైఫల్యం. యాంత్రిక లోపం. ఇక్కడ ఆగిపోతే మనకి మిగిలేది విధి మాత్రమే. కానీ దర్యాప్తు ఆగలేదు. ఆ తలుపు తాళాల్లోంచి కొన్ని భాగాలని అంతకుముందు మరో విమానం కోసం తీశారు. తర్వాత మళ్ళీ బిగించారు, సరిగ్గా బిగించలేదు. తనిఖీ చేసినవాళ్ళు ఆ తేడాని పట్టుకోలేదు. తలుపు సాఫీగా పడలేదు, మూయడానికి ఇబ్బంది పడ్డారు. ఒక డబ్బాలో పప్పు తీసి మరో డబ్బాలో వేసి నెల గడిపే ఇల్లాలికి ఈ పద్ధతి తెలుసు. విడిభాగాలు లేవు, విమానం మాత్రం ఎగరాలి. ఎవరో ఒకరు సర్దుకోవాలి. చివరికి తాళం సర్దుకోలేకపోయింది. మనం దాన్ని యంత్రం చెడిపోవడం అన్నాం.

అంటే 'యాంత్రిక లోపం' అనేది చాలాసార్లు ఒక్క క్షణంలో జరిగే సంఘటన కాదు. ఎంతోమంది ఎన్నో రోజులుగా చేసిన సర్దుబాట్ల చివర మనం పెట్టే పేరు. ఎవరూ చంపాలనుకోలేదు. అందరూ 'పర్లేదు' అనుకున్నారు. ఈ 'పర్లేదు'కి ఎవరు బాధ్యులు?

దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు తత్వశాస్త్రం కన్నా ఇంటి చాకిరీ ఎక్కువ సాయం చేసింది. గిన్నె తోమితే ఎవరికీ కనబడదు, తోమకపోతే కనబడుతుంది. మరమ్మతు పని, నిర్వహణ పని అన్నీ ఈ జాతివే. చేసినన్నాళ్ళూ ఉన్నట్టే తెలియదు. మానేసిన రోజు 'లోపం'గా బయటపడుతుంది. ఎగిరినవాళ్ళకి పతకాలు, రాత్రంతా హ్యాంగర్‌లో బోల్టులు లెక్కపెట్టినవాళ్ళకి పేరు లేదు. పని అయ్యాక పనిముట్లన్నీ లెక్క చూసుకోవాలి, ఒక్క స్పానర్ విమానంలో ఉండిపోయినా అది ఎక్కడికో జారి ప్రాణాలు తీయొచ్చు. చేసిన ప్రతి పనికీ పుస్తకంలో సంతకం పెట్టాలి. పైలట్ ఆ సంతకాలు చూసుకుని, తనూ సంతకం చేసి ఎక్కాలి. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి శ్రద్ధ మీద నమ్మకంతో ఇంకొకరు ఆకాశంలోకి వెళ్ళడం, ఆలోచిస్తే, ఎంత గొప్ప నైతిక సంబంధం!

మా జిల్లా పేరు ప్రపంచంలో ఎక్కడెక్కడో వినబడేది ఫ్లోరైడు నీళ్ళ వల్ల. నాగపూరులోని పర్యావరణ పరిశోధనా సంస్థ నీరి కనిపెట్టిన ఫ్లోరైడు తొలగించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. ఆఫ్రికాలో టాంజానియా దాకా వెళ్ళింది ఆ పేరు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. నీళ్ళలో పటిక, సున్నం లెక్క ప్రకారం కలపాలి, తిప్పాలి, మడ్డి దిగనివ్వాలి, వడగట్టాలి. రోజూ చెయ్యాలి. మడ్డి ఎత్తిపోయాలి. కష్టం ఆ 'రోజూ' దగ్గరే. కనిపెట్టిన రోజున ఫొటోలు ఉంటాయి, ప్రారంభోత్సవానికి కొబ్బరికాయ ఉంటుంది. నాలుగో ఏడు పటిక కొనడానికి డబ్బు ఉండదు, తిప్పే మనిషికి జీతం ఉండదు. 'ప్లాంటు చెడిపోయింది' అంటారు. ప్లాంటు చెడిపోయినప్పుడు బిందె పట్టుకుని నడిచేది ఎవరో, పిల్లల పళ్ళు గారపట్టి, పెద్దల ఎముకలు వంగిపోతే సేవ చేసేది ఎవరో చెప్పక్కర్లేదు. కృష్ణా నీళ్ళు ఊళ్ళకి వచ్చేదాకా మా దగ్గర ఆడవాళ్ళు ఆ 'యాంత్రిక లోపాన్ని' నెత్తిన మోశారు. విమానమైనా, ఫిల్టరు ప్లాంటయినా, సర్దుకోమని నిర్ణయించేది ఒకరు, సర్దుకునేది ఇంకొకరు. ఈ తేడాలోనే బాధ్యత ఉందని నాకనిపిస్తుంది.

దీనికి గట్టి ఆక్షేపణలే ఉన్నాయి. మొదటిది: సైన్యంలో చేరడమంటేనే ప్రమాదాన్ని ఒప్పుకోవడం కదా? ఒప్పుకోవడమే, కానీ దేన్ని? 2017 మేలో ఢిల్లీ హైకోర్టు ఇదే ప్రశ్న మీద తీర్పు చెప్పింది. 2005లో మిగ్-21 కూలి గాయపడిన వింగ్ కమాండర్ సంజీత్ సింగ్ కైలా, తయారీలో లోపమే కారణమని కోర్టుకెళ్ళారు. సైనికుడు తన వృత్తిలో మామూలుగా ఉండే ప్రమాదాలకి ఒప్పుకుంటాడు, నాసిరకం పనితనం వల్ల వచ్చే అదనపు ప్రమాదానికి ఒప్పుకున్నట్టు కాదు, అది అతని జీవించే హక్కుని భంగపరచడమే అని కోర్టు అంది. 55 లక్షల పరిహారం ఇవ్వమంది. పెళ్ళికి ఒప్పుకున్నావు కాబట్టి అన్నిటికీ ఒప్పుకున్నట్టే అనే వాదనతో ఏళ్ళ తరబడి తలపడుతున్న మనకి ఈ తీర్పులో తర్కం కొత్తగా అనిపించదు. ఒక సమ్మతిని చూపించి అన్ని సమ్మతులూ రాబట్టడం ఎక్కడైనా అన్యాయమే.

రెండో ఆక్షేపణ నాకు ఇంకా బరువైనది. బాధ్యులెవరని పట్టుబడితే చివరికి దొరికేది అందరికన్నా కింద ఉన్న మెకానిక్ కాదా? నిజమే, అలా జరిగే ప్రమాదం ఉంది. చివరి బోల్టు బిగించిన చేతి దగ్గర విచారణ ఆగిపోతుంది. విడిభాగాలు కొనకుండా ఫైలు పక్కన పెట్టిన చేయి దాకా వెళ్ళదు. శిక్ష భయం పెరిగితే తప్పుని దాచడమూ పెరుగుతుంది. అందుకే పౌర విమాన ప్రమాదాల విచారణకి అంతర్జాతీయంగా ఒక నియమం ఉంది: దాని ఉద్దేశం నిందించడం కాదు, మళ్ళీ జరగకుండా చూడటం. ఆ నివేదికలు బయట పెట్టాలి. సైనిక విచారణ నివేదికలు మాత్రం సాధారణంగా జనం ముందుకి రావు. నేను అడుగుతున్నది ఎవరినో ఉరి తీయమని కాదు. మరమ్మతు చేసే మనిషికి చాకిరీతో పాటు అధికారం కూడా ఇవ్వమని. 'ఇది ఎగరదు' అని అంటే ఆ మాట చెల్లాలి. ఇంట్లో సమస్త చాకిరీ చేస్తూ ఒక్క నిర్ణయం మీదా మాట చెల్లని స్థితి ఎలాంటిదో మనకి తెలుసు కాబట్టి, ఈ కోరిక మనమే ముందు పెట్టగలం.

జవాబు రాకపోవడం మనుషుల్ని ఏం చేస్తుందో కూడా చూడాలి. 2016 జులై 22 ఉదయం చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఆంటొనోవ్-32 రవాణా విమానం బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. అందులో 29 మంది. ఎనిమిది మంది యూనిఫాం లేని ఉద్యోగులు, విశాఖపట్నం నావికాదళ ఆయుధ డిపోలో పనిచేసేవాళ్ళు. డ్యూటీ మీద వెళ్తున్నవాళ్ళు. ఆ సెప్టెంబరులో గాలింపు ఆపేసి, అందరూ చనిపోయినట్టే భావిస్తున్నామని కుటుంబాలకి తెలియజేశారు. 'భావించడం' అనే మాట మీద ఒక భార్య, ఒక తల్లి ఎలా బతకాలి? బొట్టు గురించి, కర్మకాండ గురించి చుట్టాలు అడిగే ప్రశ్నలకి ఏం చెప్పాలి? ఏడున్నర సంవత్సరాల తర్వాత, 2024 జనవరి 12న, చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో శకలాలు కనిపించాయని రక్షణ శాఖ ప్రకటించింది. ఎక్కడ అన్నదానికి జవాబు దొరికింది. ఎందుకు అన్నదాని గురించి ఆ ప్రకటనలో ఏమీ లేదు.

ఇటువంటి ఎదురుచూపు పాలమూరు ఆడవాళ్ళకి బాగా తెలుసు. దేశంలో ఎక్కడెక్కడి ఆనకట్టలకో వలసపోయిన మగవాళ్ళ కబురు కోసం తరాలుగా చూశారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కూలినప్పుడు ఆ ఎదురుచూపు తిరగబడింది. మన గడ్డ మీద చిక్కుకున్న ఎనిమిది మంది కోసం ఝార్ఖండ్‌లో, ఉత్తరప్రదేశ్‌లో, పంజాబ్‌లో, జమ్మూ కాశ్మీర్‌లో వాళ్ళ ఇంటివాళ్ళు ఎదురుచూశారు. నెల పైగా తవ్వితే ఇద్దరి శవాలే దొరికాయి.

ఇలాంటి చావుల తర్వాత కుటుంబాలకి డబ్బు ఇస్తారు, కొందరికి ఉద్యోగం ఇస్తారు, జెండా కప్పి గౌరవిస్తారు. అవి అక్కర్లేదని నేను అనను. భర్త పోయిన ఇంట్లో పెన్షన్ విలువ ఏమిటో తెలిసినవాళ్ళెవరూ అలా అనరు. కానీ ఆ గౌరవం ప్రశ్నకి బదులుగా ఇచ్చేదిగా మారకూడదు. 'నీ భర్త దేశం కోసం పోయాడు, గర్వపడు' అనడంలో ఇంకేమీ అడగొద్దన్న సూచన తరచుగా ఉంటుంది. యుద్ధంలో పోయినవాళ్ళ విషయంలో శత్రువు ఎవరో అందరికీ తెలుసు. చెడిన తాళం వల్ల, అరిగిన పైపు వల్ల పోయినవాళ్ళ విషయంలో జవాబు మన ఆఫీసుల్లోనే ఉంటుంది. అందుకే అది చెప్పడం కష్టం, అందుకే అడగడం అవసరం.

అడగాల్సిన ప్రశ్నలు మూడే, స్టవ్ ప్రశ్న అంత మామూలువి. ఈ లోపాన్ని మొదట చూసింది ఎవరు? చూసి ఎవరికి చెప్పారు? విన్నాక 'పర్లేదు, ఎగరనీ' అన్నది ఎవరు? ఎవరూ చూడలేదంటే, చూసే మనిషిని ఎందుకు పెట్టలేదన్నది నాలుగోది. ఈ జవాబులు చెప్పడానికి రక్షణ రహస్యాలేవీ బయటపెట్టనక్కర్లేదు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ 'అందుకే ఆడపిల్లలకి ఇలాంటివి వద్దనేది' అనేవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళకి చెప్పాల్సింది ఒకటే. ఆవ్రోలో హరితతో పాటు పోయినవాళ్ళలో ఎవరి ప్రాణమూ తక్కువది కాదు. ఆడపిల్ల ఎగరడం మానేస్తే తాళం సరిగ్గా పడదు. ఆమె ఎగరాలి. ఎక్కే ముందు ఆ సంతకాల పుస్తకం తెరిచి, అనుమానం వస్తే 'నేను సర్దుకోను' అనగలగాలి. అన్నందుకు పిరికిదని ఎవరూ అనకూడదు.